పనితనానికి సాక్ష్యం: జహీరాబాద్ నుంచి నైపుణ్య వలసకు బలమైన దరఖాస్తు

హైదరాబాద్‌కు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, 65వ నంబరు జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న జహీరాబాద్ ఒకప్పుడు చెరకు, అల్లం, ఆలుగడ్డ పంటలకే పేరుపడిన ప్రాంతం కాగా, మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం, కోహీర్ మండలం దిగ్వాల్‌లోని ఔషధ పరిశ్రమ, వాటిపై ఆధారపడిన చిన్న యూనిట్ల వల్ల అది క్రమంగా నిపుణ కార్మికుల పట్టణంగా కూడా మారింది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో తలపెట్టిన జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలం, అంటే స్థానికులు నిమ్జ్ అని పిలిచే ప్రాజెక్టులో భాగంగా, ఇక్కడ పారిశ్రామిక స్మార్ట్ నగరాన్ని నిర్మించడానికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఐటీఐ చదివిన ఫిట్టర్లు, పాలిటెక్నిక్ డిప్లొమా పొందిన సూపర్‌వైజర్లు, బీటెక్ పూర్తిచేసిన ఇంజినీర్లు, ఔషధ పరిశ్రమల్లోని కెమిస్టులు, ఆస్పత్రుల్లోని నర్సులు ఈ పరిసరాల్లో ఇప్పుడు ఎందరో ఉన్నారు. వీరిలో విదేశాల్లో స్థిరపడాలని కోరుకునేవారు కూడా తక్కువేమీ కాదు.

అలా కోరుకునేవారికి ఎదురయ్యే ప్రధాన సమస్య పనితనం లేకపోవడం కాదు, ఉన్న పనితనాన్ని కాగితం మీద నిరూపించలేకపోవడం. ఒట్టావాలోనో, కాన్‌బెర్రాలోనో కూర్చున్న అధికారి దరఖాస్తుదారును ఎన్నడూ చూడడు. అతడు లేత్ యంత్రం మీద ఎంత సున్నితంగా పనిచేస్తాడో, ఆమె రోగులను ఎంత ఓపికగా చూసుకుంటుందో ఆ అధికారికి తెలియజేసేది దస్త్రం ఒక్కటే. కాబట్టి బలమైన దరఖాస్తు అంటే అందులోని ప్రతి మాటకూ స్వతంత్రమైన ఆధారం ఉండి, ఆ ఆధారాలన్నీ ఒకదానితో ఒకటి పొసగే దస్త్రమని చెప్పాలి. అటువంటి దస్త్రం ఏజెంటు కార్యాలయంలో వారం రోజుల్లో తయారయ్యేది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచే, మామూలు జాగ్రత్తలతో, ఏళ్ల తరబడి కూడగట్టుకోవలసినది.

ఎంపిక ఎలా జరుగుతుంది

నైపుణ్య వలస అంటే ఒక దేశం తనకు అవసరమైన పనివారిని వారి చదువు, పని అనుభవం, భాషా సామర్థ్యం, వయసు ఆధారంగా ఎంచుకుని, అక్కడ పనిచేయడానికి లేదా శాశ్వతంగా నివసించడానికి అనుమతించే విధానం. వలస వచ్చేవారి జాతి, జన్మదేశం చూసి అనుమతించిన పాత పద్ధతికి బదులుగా, అర్హతలకు మార్కులు వేసే పాయింట్ల పద్ధతిని కెనడా 1967లో ప్రవేశపెట్టింది. ఆస్ట్రేలియా 1979లో అదే బాట పట్టింది. అమెరికా 1965 నాటి వలస చట్టంతో జన్మదేశాలవారీ పాత కోటాలను రద్దుచేయగా, అప్పటి నుంచి తెలుగు వైద్యులు, ఇంజినీర్లు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ నిపుణులు అక్కడికి పెద్ద సంఖ్యలో వెళ్లారు.

నేడు అమల్లో ఉన్న దారులను స్థూలంగా మూడు తరగతులుగా చూడవచ్చు. దరఖాస్తుదారు స్వయంగా తన అర్హతలను ముందుంచి పాయింట్లు పొందేది మొదటి తరగతి. కెనడా, ఆస్ట్రేలియా శాశ్వత నివాస పథకాలు దీని కిందికి వస్తాయి. యజమాని ముందుకు వచ్చి, ఈ పనివాడు తనకు కావాలని ప్రభుత్వాన్ని కోరేది రెండో తరగతి. అమెరికా హెచ్-1బీ, బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాలు ఇటువంటివి. స్వదేశంలో పొందిన చదువును లేదా నైపుణ్యాన్ని ఆతిథ్య దేశం పరీక్షించి, గుర్తించిన తర్వాతే అవకాశం ఇచ్చేది మూడో తరగతి. జర్మనీ, జపాన్ ప్రధానంగా ఈ పద్ధతిని అనుసరిస్తున్నాయి.

తెలుగువారికి అత్యంత పరిచితమైన హెచ్-1బీ విషయంలో దరఖాస్తు బలం ఉద్యోగి చేతిలో ఉండేది చాలా తక్కువ. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 చొప్పున పరిమితి ఉండగా, పిటిషన్ దాఖలు చేసేది యజమాని మాత్రమే. అక్కడి నుంచి గ్రీన్‌కార్డుకు వెళ్లాలంటే, ఏటా ఇచ్చే మొత్తంలో ఏ ఒక్క దేశానికీ సుమారు 7 శాతానికి మించి దక్కకూడదన్న నిబంధన వల్ల భారతీయులు ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వస్తోంది. పైగా 2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటన, అమెరికా వెలుపలి నుంచి తీసుకునే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపును విధించింది. దరఖాస్తుదారు తన కృషితో ఫలితాన్ని గణనీయంగా మార్చుకోగల పాయింట్ల పద్ధతిని, అర్హత గుర్తింపు పద్ధతిని క్షుణ్ణంగా తెలుసుకోవలసిన అవసరం ఈ పరిస్థితుల వల్ల పెరిగింది.

హోదా పేరు వేరు, చేసే పని వేరు

మొదట తేల్చుకోవలసింది దరఖాస్తుదారు చేస్తున్న పని ఆ దేశపు వర్గీకరణలో ఏ వృత్తి కిందికి వస్తుందన్న విషయం. కెనడా ప్రభుత్వం దేశంలోని వృత్తులన్నిటికీ అయిదంకెల సంకేత సంఖ్యలు ఇచ్చి, జాతీయ వృత్తి వర్గీకరణ అనే పట్టికను రూపొందించింది. దీన్నే వాడుకలో ఎన్ఓసీ కోడ్ అంటారు. ఈ సంఖ్యలో రెండో అంకె ఆ పనికి కావలసిన శిక్షణ, విద్య, అనుభవం, బాధ్యతల స్థాయిని తెలుపుతుంది. ఆ అంకె 0 నుంచి 3 లోపు ఉన్న వృత్తులు మాత్రమే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకానికి, అంటే విదేశీ అనుభవంతో నేరుగా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే పథకానికి పనికివస్తాయి.

ఈ నియమం జహీరాబాద్ కార్మికునికి ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. ఒకే కర్మాగారంలో ఒకే గేటు గుండా లోపలికి వెళ్లే నలుగురిలో మెకానికల్ ఇంజినీరు సంకేతం 21301, యంత్రాల మీద లోహపు విడిభాగాలు తయారుచేసే మెషినిస్టు సంకేతం 72100, వెల్డరు సంకేతం 72106 కాగా, అసెంబ్లీ లైను మీద వాహన భాగాలను కూర్చే కార్మికుని సంకేతం 94200. మొదటి ముగ్గురి సంఖ్యల్లో రెండో అంకె 1 లేదా 2 కాబట్టి వారి అనుభవం లెక్కకు వస్తుంది. నాలుగో వ్యక్తి సంఖ్యలో అది 4 కాబట్టి ఎన్నేళ్లు పనిచేసినా ఆ అనుభవం ఈ పథకానికి చెల్లదు. కర్మాగారాల్లో నలుగురికీ టెక్నీషియన్ అనో, ఆపరేటర్ అనో ఒకే హోదా ఇచ్చే సందర్భాలు ఉంటాయి గనుక, హోదా పేరును నమ్ముకుని కోడ్ ఎంచుకున్నవారు తమకు న్యాయంగా దక్కవలసిన అవకాశాన్ని పోగొట్టుకోవచ్చు, లేదా అర్హత లేని కోడ్ కింద దరఖాస్తు చేసి తిరస్కారానికి గురికావచ్చు. అధికారి చూసేది రోజువారీ విధులను. ఎంచుకున్న కోడ్ కింద ఇచ్చిన ప్రధాన విధుల్లో ఎక్కువ భాగం దరఖాస్తుదారు నిజంగా చేస్తున్నవై ఉండాలి.

ఒక్క పాయింటు విలువ

ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకంలో అర్హత పొందాలంటే 100కు 67 పాయింట్లు రావాలి. భాషకు గరిష్ఠంగా 28, చదువుకు 25, అనుభవానికి 15, వయసుకు 12, ముందే కుదిరిన ఉద్యోగానికి 10, అక్కడి సమాజంలో ఇమడగల అవకాశాలకు 10 చొప్పున కేటాయించారు. ఇరవై తొమ్మిదేళ్ల వయసు, నాలుగేళ్ల బీటెక్, నాలుగేళ్ల అనుభవం ఉన్న ఒక ఇంజినీరుకు వయసు కింద 12, చదువు కింద 21, అనుభవం కింద 13 కలిపి 46 పాయింట్లు వస్తాయి. ఐఈఎల్‌టీఎస్ జనరల్ అనే ఇంగ్లిష్ పరీక్షలో వినడంలో 7.5, మిగతా మూడింటిలో 6.5 చొప్పున సాధిస్తే భాషకు 20 పాయింట్లు చేరి మొత్తం 66 అవుతుంది. అంటే ఒక్క పాయింటు తేడాతో ద్వారం మూసుకుపోతుంది. అదే వ్యక్తి వినడంలో 8, చదవడం, రాయడం, మాట్లాడడంలో 7 చొప్పున తెచ్చుకుంటే భాషకు 24 వచ్చి, మొత్తం 70కి చేరుతుంది.

అర్హత దాటిన తర్వాత ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వరుసలో, అంటే 2015 జనవరిలో మొదలైన ఎంపిక వ్యవస్థలో, 1,200 పాయింట్ల మరో కొలమానం మీద అభ్యర్థులందరూ పోటీపడాలి. అక్కడ కూడా భాషదే నిర్ణాయక పాత్ర. పైన చెప్పిన రెండో స్థాయిని అందుకున్నవారికి భాషకు పాయింట్లు పెరగడమే గాక, భాషతో ముడిపెట్టి చదువుకూ, విదేశీ అనుభవానికీ ఇచ్చే అదనపు పాయింట్లు దాదాపు రెట్టింపవుతాయి. వయసు మాత్రం ఎదురుతిరుగుతుంది. ఒంటరి దరఖాస్తుదారుకు 20 నుంచి 29 ఏళ్ల మధ్య 110 పాయింట్లు ఉండగా, 35 ఏళ్లకు అవి 77కు, 40 ఏళ్లకు 50కి తగ్గి, 45 ఏళ్లకు పూర్తిగా పోతాయి. అంతకుముందు ఉద్యోగ ఆఫర్‌కు ఈ కొలమానంలో ఇచ్చిన అదనపు పాయింట్లను కెనడా 2025 మార్చి 25 నుంచి తొలగించింది. డబ్బిచ్చి దొంగ ఆఫర్లు కొనే వ్యాపారాన్ని అరికట్టడం ఈ నిర్ణయం వెనక ఉన్న ఉద్దేశాల్లో ఒకటి.

ఈ లెక్కల నుంచి తేలే పాఠం స్పష్టమైనది. వయసును ఎవరూ వెనక్కి తిప్పలేరు, చదువును మార్చడానికి ఏళ్లు పడుతుంది, అనుభవం కాలంతోనే పెరుగుతుంది. కొన్ని నెలల పట్టుదలతో మారేది భాష ఒక్కటే. తెలుగు, ఉర్దూ, కన్నడ మాధ్యమాల్లో చదివి, కార్ఖానాలో ఆ భాషల్లోనే పనిచేసే జహీరాబాద్ అభ్యర్థి ఇంగ్లిష్ రాయడం, మాట్లాడడం మీద పెట్టే శ్రమకు మించిన పెట్టుబడి ఈ ప్రక్రియలో మరొకటి లేదు. పరీక్ష ఫలితం రెండేళ్లపాటే చెల్లుతుంది కాబట్టి, మిగతా పత్రాలు సిద్ధమయ్యే సమయాన్ని అంచనా వేసుకుని పరీక్ష తేదీని నిర్ణయించుకోవాలి.

అనుభవ పత్రం

దరఖాస్తుల్లో ఎక్కువగా బలహీనపడే పత్రం అనుభవ ధ్రువపత్రం. ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడు, ప్రవర్తన బాగుంది అని రెండు వాక్యాల్లో ముగించే పత్రాలే మన సంస్థల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. కెనడా అధికారులు కోరేది ఇంతకంటే చాలా వివరమైనది: సంస్థ లెటర్‌హెడ్ మీద, దాని చిరునామా, ఫోను, ఈ-మెయిలు వివరాలతో, ఉద్యోగి నిర్వహించిన హోదాలు, ఒక్కో హోదాలో పనిచేసిన కాలం, ప్రధాన విధులు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎంత జీతం, ఏ ఇతర సదుపాయాలు అన్న విషయాలన్నీ రాసి, పై అధికారి లేదా మానవ వనరుల విభాగపు అధికారి పేరు, హోదాలతో సంతకం చేయాలి. వారానికి 30 గంటల చొప్పున ఏడాదికి 1,560 గంటల పనిని వారు పూర్తికాలపు అనుభవంగా లెక్కిస్తారు గనుక, గంటల సంఖ్య లేని పత్రం అసంపూర్ణమే అవుతుంది.

విధుల జాబితాను ఎన్ఓసీ పట్టిక నుంచి ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయడం చాలామంది చేసే పొరపాటు. అక్షరం పొల్లుపోకుండా పట్టికతో సరిపోయే పత్రం అనుమానాన్నే కలిగిస్తుంది. గేర్‌బాక్సు విభాగంలో ఏ యంత్రాలు నడిపారు, ఏ కొలతల పరికరాలతో నాణ్యత పరీక్షించారు, ఎందరి పనిని పర్యవేక్షించారు అన్న నిర్దిష్టమైన వివరాలతో, సొంత మాటల్లో రాసిన విధులే నమ్మకాన్ని పెంచుతాయి.

పారిశ్రామిక ప్రాంతాలకు ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉంది. కర్మాగారంలో పనిచేస్తున్నా, కాగితాల ప్రకారం లేబర్ కాంట్రాక్టరు కింద ఉద్యోగులుగా నమోదైనవారు చాలామంది ఉంటారు. వారి పత్రం మీద సంతకం చేయవలసినది పెద్ద కంపెనీ కాదు, ఆ కాంట్రాక్టరే. కాంట్రాక్టు ముగిసి ఆ సంస్థ మూతపడితే పత్రం దొరకదు. ఇటువంటి చోట భవిష్య నిధి ఖాతా, అంటే పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ నమోదు, నెలవారీ పే స్లిప్పులు, జీతం జమైన బ్యాంకు ఖాతా వివరాలు, ఆదాయపు పన్ను ఫారం 16 ఆదుకుంటాయి. పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెల యజమాని జమ ప్రభుత్వ రికార్డుగా నమోదవుతుంది కాబట్టి, యజమాని ఇచ్చిన పత్రాన్ని ధ్రువపరిచే స్వతంత్ర సాక్ష్యంగా అది నిలుస్తుంది. చేతికి నగదు జీతం తీసుకున్న కాలాన్ని ఇంత గట్టిగా నిరూపించడం సాధ్యం కాదు. విదేశాలకు వెళ్లే ఆలోచన ఉన్నవారు జీతం బ్యాంకు ద్వారా, పే స్లిప్పుతో ఇవ్వమని మొదటి నుంచీ అడగడం మంచిది.

ఆస్ట్రేలియా వెళ్లదలచిన ఇంజినీరు వీసాకు ముందే ఇంజినీర్స్ ఆస్ట్రేలియా అనే వృత్తి సంస్థ చేత తన అర్హతను మదింపు చేయించుకోవాలి. భారతదేశపు జాతీయ అక్రెడిటేషన్ బోర్డు 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో, అంటే ఇంజినీరింగ్ పట్టాలను పరస్పరం గుర్తించే అంతర్జాతీయ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందినా, ఆ బోర్డు మొదటి శ్రేణిగా గుర్తించిన కోర్సులకే దాని ప్రయోజనం వర్తిస్తుంది. మిగతా కళాశాలల్లో చదివినవారు తాము నిర్వహించిన మూడు ఇంజినీరింగ్ పనుల వివరణలతో ఒక నివేదిక సమర్పించాలి. అందులో బృందం ఏం సాధించిందన్నది అప్రధానం. దరఖాస్తుదారు స్వయంగా ఏ సమస్యను గుర్తించి, ఏ గణన చేసి, ఏ నిర్ణయం తీసుకున్నాడన్నదే ప్రధానం. పనిచేస్తున్న కాలంలోనే ప్రాజెక్టుల తేదీలను, తన పాత్రను ఒక పుస్తకంలో రాసుకునే ఇంజినీరుకు ఈ నివేదిక రాయడం సులువవుతుంది. రాసుకోనివారు ఇతరుల నివేదికలను కాపీకొట్టే ప్రలోభంలో పడతారు, ఆ కాపీని ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌తో పట్టుకుంటుంది.

పేరు, ఊరు, జిల్లా

తెలుగువారి పత్రాల్లో పేరు ఒకేలా ఉండడం అరుదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు రావచ్చు, డిగ్రీ పట్టాలో అది పొడి అక్షరంగా మారవచ్చు, ఆధార్‌లో చివరికి చేరవచ్చు, పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగానే ఉండిపోవచ్చు. ఉర్దూ పేర్లను ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒక్కో కార్యాలయంలో ఒక్కో వర్ణక్రమం వాడడం వల్ల జహీరాబాద్ ముస్లిం కుటుంబాల్లో తండ్రి పేరే మూడు విధాలుగా కనిపించవచ్చు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన స్త్రీల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఈ తేడాలను దరఖాస్తుకు ముందే సవరించుకోవడం మొదటి మార్గం. సవరణ సాధ్యం కానిచోట, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే నోటరీ అఫిడవిట్‌ను, క్లుప్తమైన వివరణ లేఖను జతచేయడం రెండో మార్గం.

ఈ ప్రాంతంవారికే ఎదురయ్యే మరో చిక్కు జిల్లా, రాష్ట్రాల మార్పు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడానికి ముందు జారీ అయిన పత్రాల్లో జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో ఉంటుంది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడిన తర్వాతి పత్రాల్లో అదే ఊరు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉంటుంది. మధ్య కాలపు పత్రాల్లో తెలంగాణ, మెదక్ జిల్లా అని కనిపిస్తుంది. సరిహద్దుకు అవతల బీదర్ ఆస్పత్రుల్లో పుట్టినవారి జనన ధ్రువపత్రం కర్ణాటక నుంచి జారీ అయి ఉండవచ్చు. ఒకే వ్యక్తి జన్మస్థలం ఇన్ని రకాలుగా ఎందుకు కనిపిస్తోందో తెలియని విదేశీ అధికారి దాన్ని పొరపాటుగానో, మోసంగానో భావించకుండా, పునర్విభజన తేదీలతో నాలుగు వాక్యాల వివరణ రాసి జతచేస్తే సందేహం మొదట్లోనే తీరిపోతుంది. తెలుగు, ఉర్దూ, కన్నడ భాషల్లోని పత్రాలకు, ముఖ్యంగా నికానామాలకు, భూమి దస్తావేజులకు, ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం తప్పనిసరి.

చదువు పత్రాల విషయంలో కాలయాపన ఎక్కువ. కెనడాకు వెళ్లేవారు డబ్ల్యూఈఎస్ వంటి గుర్తింపు పొందిన సంస్థల చేత తమ డిగ్రీ కెనడా చదువులో దేనికి సమానమో తేల్చే మదింపు చేయించుకోవాలి. ఇందుకు విశ్వవిద్యాలయం నుంచే అధికారిక ట్రాన్‌స్క్రిప్టులు అంటే మార్కుల పూర్తి వివరాలు వెళ్లాలి గనుక, పట్టా ఇంకా తీసుకోనివారు, బ్యాక్‌లాగ్ సబ్జెక్టుల మెమోలు పోగొట్టుకున్నవారు ముందుగా విశ్వవిద్యాలయం చుట్టూ తిరగవలసి ఉంటుంది. ఈ మదింపు అయిదేళ్లు చెల్లుతుంది కాబట్టి దీన్ని అన్నిటికంటే ముందు మొదలుపెట్టవచ్చు. గల్ఫ్ దేశాల్లో ఆరు నెలలకు పైగా నివసించి వచ్చినవారు మన పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్సుతో పాటు ఆ దేశపు క్లియరెన్సు కూడా తెచ్చుకోవలసి ఉంటుందన్నది చాలామంది చివరి నిమిషంలో తెలుసుకునే విషయం.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది

కొత్త దేశంలో మొదటి నెలలు గడపడానికి సరిపడా డబ్బు ఉందని చూపడాన్ని నిధుల రుజువు అంటారు. కెనడా ఈ మొత్తాన్ని కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి నిర్ణయించి ఏటా సవరిస్తుంది. 2025 జూలై సవరణ ప్రకారం ఒంటరి దరఖాస్తుదారుకు అది 15,263 కెనడా డాలర్లు. అప్పుగా తెచ్చిన డబ్బు ఇందుకు చెల్లదు, ఇల్లు, పొలం విలువ లెక్కకు రాదు. చేతికి అందుబాటులో ఉన్న సొమ్ము, గత ఆరు నెలల సగటు నిల్వతో సహా, బ్యాంకు పత్రంలో కనిపించాలి.

మన కుటుంబాల్లో పొదుపు భూమిలో, బంగారంలో, చీటీల్లో ఉంటుంది కాబట్టి దరఖాస్తు సమయానికి పెద్ద మొత్తం ఒకేసారి ఖాతాలో పడడం సహజం. అలా పడిన సొమ్ముకు మూలం చూపకపోతే అది అరువు తెచ్చి చూపిన డబ్బుగా కనిపిస్తుంది. పొలం అమ్మితే రిజిస్టరైన విక్రయ దస్తావేజు, భూసేకరణ పరిహారమైతే ప్రభుత్వ ఉత్తర్వు, చీటీ పాడుకుంటే నమోదైన చిట్‌ఫండ్ సంస్థ రసీదు, తల్లిదండ్రులు ఇచ్చినదైతే తిరిగి ఇవ్వనక్కరలేని బహుమతి అని తెలిపే లేఖతో పాటు వారి ఖాతా వివరాలు జతచేయాలి.

ఐటీఐ చదివినవారికి దారులు

డిగ్రీ లేనివారికి విదేశాల్లో తలుపులు లేవన్న అభిప్రాయం సరికాదు. జర్మనీ 2020 మార్చి 1న అమల్లోకి తెచ్చిన నిపుణుల వలస చట్టాన్ని ఆ తర్వాత మరింత సడలించింది. 2024 మార్చి నుంచి, స్వదేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కనీసం రెండేళ్ల వృత్తి శిక్షణ, ఆపై రెండేళ్ల అనుభవం, నిర్దేశించిన పరిమితికి తగ్గని జీతంతో ఉద్యోగ ఆఫర్ ఉన్నవారు, ప్రభుత్వ నియంత్రణ లేని వృత్తుల్లో, పూర్తి అర్హత గుర్తింపు ప్రక్రియ లేకుండానే పనిచేయడానికి వీలు కల్పించింది. మన ఐటీఐల్లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, మెషినిస్ట్, టర్నర్ ట్రేడులు రెండేళ్లవి కాగా వెల్డర్ ట్రేడు ఏడాదిది కావడం వల్ల, ట్రేడు ఎంచుకునే రోజునే ఈ తేడా తెలిసి ఉండడం మేలు. నర్సుల వృత్తి నియంత్రణలో ఉన్నది కాబట్టి అర్హత గుర్తింపు, జర్మన్ భాషా ప్రావీణ్యం వారికి తప్పనిసరి. భారతీయ నిపుణులకు ఏడాదికి ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని ఆ దేశం 2024 అక్టోబరులో ప్రకటించింది.

జపాన్ 2019 ఏప్రిల్‌లో ప్రారంభించిన నిర్దిష్ట నైపుణ్య కార్మికుల పథకం కోసం భారత్ 2021 జనవరిలో ఆ దేశంతో ఒప్పందం కుదుర్చుకుంది. ఇందులో నైపుణ్య పరీక్షతో పాటు ప్రాథమిక జపనీస్ భాషా పరీక్ష నెగ్గాలి. మొదటి దశలో అయిదేళ్ల వరకు పనిచేయవచ్చు గాని కుటుంబాన్ని తీసుకువెళ్లడానికి వీలుండదు. ఈ రెండు దేశాల విషయంలోనూ ఉద్యోగానికి మించి భాష దగ్గరే అభ్యర్థులు ఆగిపోతున్నారు. రోజూ షిఫ్టు ముగిశాక రెండు గంటలు భాషకు కేటాయించగలిగినవారే గమ్యం చేరుతున్నారు.

మధ్యవర్తులు, మోసాలు

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, అంటే తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, జర్మనీ, జపాన్, గల్ఫ్ వంటి దేశాల్లోని అవకాశాలకు అభ్యర్థులకు శిక్షణ ఇచ్చి పంపుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పనికి ఓంక్యాప్ ఉంది. ప్రైవేటు ఏజెంటును ఆశ్రయించేవారు 1983 నాటి వలస చట్టం కింద అతనికి లైసెన్సు ఉన్నదీ లేనిదీ కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. చట్టం ప్రకారం ఉద్యోగార్థి నుంచి అతను తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించకూడదు. పదో తరగతి పూర్తిచేయనివారు గల్ఫ్ తదితర 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఈ నిబంధనను తప్పించడానికి విజిట్ వీసా మీద పంపుతామనే ఏజెంటు వారిని చట్టపు రక్షణ బయటికి నెడుతున్నట్టే. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లిన తెలంగాణ యువకులు సైబర్ నేరాల ముఠాల చేతిలో బందీలైన ఉదంతాలు ఇటీవలి సంవత్సరాల్లో వెలుగుచూశాయి.

కెనడా శాశ్వత నివాసానికి సలహా ఇచ్చి రుసుము తీసుకునే కన్సల్టెంటు అక్కడి నియంత్రణ సంస్థలో నమోదై ఉండాలి, ఆస్ట్రేలియాలోనూ వలస ఏజెంట్ల నమోదు పట్టిక ఉంది. ఈ రెండింటినీ ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బ్రిటన్‌లో స్పాన్సర్ లైసెన్సు ఉన్న యజమానుల జాబితాను ప్రభుత్వమే ప్రచురిస్తుంది. స్పాన్సర్‌షిప్ పత్రాన్ని లక్షలు తీసుకుని అమ్మేవారి చేతిలో సంరక్షణ కార్మికులుగా వెళ్లిన భారతీయులు ఎందరో మోసపోయారు; 2025 జూలై 22 నుంచి ఆ దేశం విదేశాల నుంచి సంరక్షణ కార్మికులను కొత్తగా తీసుకోవడమే నిలిపివేసి, ఇతర నిపుణుల కనీస సాధారణ జీతాన్ని ఏడాదికి 41,700 పౌండ్లకు పెంచింది.

దొంగ అనుభవ పత్రం చేయిస్తామని చెప్పే కన్సల్టెన్సీ అన్నిటికంటే ప్రమాదకరమైనది. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే కెనడా అయిదేళ్లు, ఆస్ట్రేలియా మూడేళ్లు, బ్రిటన్ పదేళ్ల వరకు నిషేధం విధించవచ్చు. అధికారులు నేరుగా సంస్థకు ఫోను చేస్తారు, పీఎఫ్ వివరాలు అడుగుతారు, పాత దరఖాస్తులతో పోల్చి చూస్తారు. ఏజెంటు నింపిన ఫారంలోని తప్పుకు కూడా బాధ్యత వహించేది సంతకం చేసిన దరఖాస్తుదారే కాబట్టి, పంపే ముందు ప్రతి గడినీ స్వయంగా చదువుకోవాలి, లాగిన్ వివరాలను తన దగ్గరే ఉంచుకోవాలి.

ఏ క్రమంలో సాగాలి

ఈ పనులన్నిటినీ రెండేళ్ల కాలానికి విస్తరించుకుంటే ఎక్కడా తొందర ఉండదు. మొదటి ఆరు నెలల్లో వృత్తి కోడ్ తేల్చుకుని, పేర్ల తేడాలు సవరించి, పాస్‌పోర్టు, పట్టాలు, ట్రాన్‌స్క్రిప్టుల పని పూర్తిచేయాలి. తరువాతి ఆరు నెలలు భాషకు కేటాయించి, అదే సమయంలో చదువు మదింపుకు పంపాలి. రెండో ఏడాది మొదట్లో పాత యజమానుల నుంచి వివరమైన అనుభవ పత్రాలు తెచ్చుకుని, భాషా పరీక్ష రాసి, నిధులను ఒకే ఖాతాలో నిలకడగా ఉంచడం మొదలుపెట్టాలి. ఆ తర్వాతే వరుసలో పేరు నమోదు చేసుకోవాలి. ఎందుకంటే కెనడా నుంచి ఆహ్వానం వచ్చాక పూర్తి దరఖాస్తుకు ఇచ్చే గడువు 60 రోజులే, ఆ గడువులో అనుభవ పత్రం కోసం మూతపడిన కాంట్రాక్టరు కార్యాలయాన్ని వెతుక్కునే వ్యవధి ఉండదు. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి ప్రతి దశలోనూ ఆయా ప్రభుత్వాల అధికారిక సమాచారాన్ని తాజాగా సరిచూసుకోవాలి.

ఈ బాధ్యత దరఖాస్తుదారు ఒక్కడిదే కాదు. ఉద్యోగి వెళ్లిపోతున్నాడన్న కోపంతో వివరమైన పత్రం ఇవ్వడానికి నిరాకరించే యజమాని, ఏళ్ల శ్రమకు సాక్ష్యం లేకుండా చేస్తున్నాడు. ఇంటిపేరును ఇష్టం వచ్చినట్టు కుదించి రాసే పాఠశాల గుమాస్తా, ఆ విద్యార్థికి ఇరవై ఏళ్ల తర్వాత ఎదురయ్యే చిక్కుకు నాంది పలుకుతున్నాడు. ఐటీఐలు, కళాశాలలు చివరి ఏడాదిలో ఒక్కరోజు ఈ పత్రాల మీద అవగాహన తరగతి పెడితే, మన పల్లెల పిల్లలు ఏజెంట్లకు ధారపోసే లక్షలు మిగులుతాయి.

ఇంత శ్రమపడి కూర్చిన దస్త్రానికి చివరకు ఆహ్వానం రాకపోయినా అది వృథా కాదు. నిరూపించదగిన అనుభవం, సరిదిద్దిన పత్రాలు, ఒక కొత్త భాషలో ప్రావీణ్యం ఉన్న ఫిట్టరును, ఇంజినీరును జహీరాబాద్‌లో రాబోయే పరిశ్రమలు కూడా మెరుగైన జీతంతో ఆహ్వానిస్తాయి. ఊరు విడిచినా, ఊళ్లోనే ఉన్నా, తన పనితనానికి తానే సాక్ష్యం చూపగల కార్మికుడు ఎవరి దయ మీదా ఆధారపడకుండా బేరమాడగలడు. వలస దరఖాస్తు సన్నాహం వల్ల కలిగే మొదటి ప్రయోజనం, అందరికీ అందే ప్రయోజనం, అదే.